తుంగ కోయని ఏడు

ఆ ఊళ్ళో ఆమెను అందరూ చిన్నకోడలు అనే పిలుస్తారు. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. తల సగానికి పైగా నెరిసింది, ఆమెకే ఒక కోడలు వచ్చింది. అయినా పిలుపు మారలేదు. పాలు పోసేవాడి దగ్గర్నుంచి బ్యాంకు గుమాస్తా దాకా అందరికీ ఆమె చిన్నకోడలే. ఆమె ఆ ఇంట్లో కాలు పెట్టేనాటికే అక్కడ ఒక పెద్దకోడలు ఉంది మరి. ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. ఇళ్ళు పక్కపక్కనే, మధ్యలో ఒకే గోడ. చిన్నకోడలి బతుకు గురించి చెప్పాలంటే ఆ గోడకు అవతలి మనిషి గురించి చెప్పకుండా కుదరదు.

పెద్దకోడలు నోరున్న మనిషి. ఆమె నవ్విందంటే పక్క వీధిలో పడుకున్న కుక్క లేచి కూర్చునేది. చిన్నకోడలు నోట్లో నాలుక లేని మనిషి. కొత్తలో ఏది అడిగినా తల ఊపి ఊరుకునేది. నోరు తినడానికే అనుకున్నావా, అప్పుడప్పుడు మాట్లాడ్డానికి కూడా వాడొచ్చు, అరిగిపోదులే అని తోటికోడలు ఆటపట్టించేది. కానీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మొదటిసారి మగ్గం ముందు కూర్చోబెట్టింది కూడా ఆమే.

అది చాపలు నేసే మగ్గం. మగ్గం అంటే పెద్ద యంత్రమేమీ కాదు. నేలలో దిగేసిన నాలుగు గుంజలు, వాటికి బిగించిన పడుగు దారాలు, బరువైన చెక్క అచ్చు. ఊరి వెనక పారే వాగులో, నీళ్ళు నెమ్మదించే వంపుల దగ్గర తుంగ దట్టంగా పెరిగేది. దాన్ని కోసి, నిలువునా చీల్చి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి నేస్తారు. చాప నేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పొడవాటి కర్ర కొనకు పోచ తగిలించి దారాల మధ్య నుంచి తోస్తే, రెండో మనిషి అచ్చును దగ్గరకు లాగి కొడుతుంది. తోసేవాళ్ళ చెయ్యి, కొట్టేవాళ్ళ చెయ్యి ఒకదాని వెంట ఒకటి నడవాలి. ఒకరు తొందరపడినా, ఒకరు పరధ్యానంగా ఉన్నా అంచు వంకర పోతుంది. పెద్దకోడలు అచ్చు దగ్గర, చిన్నకోడలు కర్ర దగ్గర. అలా వాళ్ళిద్దరూ పిల్లల్ని కన్నారు, పెంచారు, పెళ్ళిళ్ళు చేశారు. మాటలన్నీ ఒకామె మాట్లాడేది, వినడమంతా రెండో ఆమె వినేది. ఇద్దరికీ అందులో లోటేమీ కనిపించలేదు.

ఆ రోజుల్లో చాపలన్నీ వ్యానులో వచ్చే ఒక వ్యాపారి కొనేవాడు. ప్రతి చాపా విప్పి చూసి, వాసన చూసి, మొహం చిట్లించేవాడు. రంగు దిగిందనేవాడు, అంచు బాగాలేదనేవాడు. చివరికి మీ మొహం చూసి తీసుకుంటున్నానని, తనకు తోచినంత చేతిలో పెట్టి వెళ్ళేవాడు. ఇంకెవరికి అమ్మాలో తెలియక అందరూ నోరు మూసుకునేవారు. తర్వాత పట్నం నుంచి ఆడవాళ్ళ చేత సంఘాలు పెట్టించే మేడమ్ ఒకామె వచ్చింది. ఊళ్ళో చాపలు నేసే ఆడవాళ్ళనందర్నీ బడి వరండాలో కూర్చోబెట్టి, తలా కొంచెం పొదుపు చేసుకోండి, సరుకు కలిపి అమ్ముకోండి అని చెప్పింది. సగం మందికి నమ్మకం కుదరలేదు. పెద్దకోడలే లేచి, ఈ వ్యాను మొహం తప్ప ఇంకే మొహమైనా చూద్దాం పదండి అంది. అందరూ నవ్వారు, నవ్వుతూనే చేరారు. సంఘానికి ఆమెనే పెద్దగా పెట్టుకున్నారు.

పాత ఎరువుల గోదాము ఒకటి ఖాళీగా ఉంటే దాన్ని అద్దెకు తీసుకుని షెడ్డు చేసుకున్నారు. గోడలకు సున్నం వేసినా ఎరువు వాసన చాలాకాలం పోలేదు. మగ్గాలన్నీ ఒక్క చోటికి చేరాయి. పట్నంలో దుకాణాలకు నేరుగా సరుకు పంపడం మొదలైంది. చిన్నకోడలు తన సంపాదనతో మొట్టమొదట కొన్నది ఒక జత రబ్బరు బూట్లు. వాగులో దిగి తుంగ కోసే పని ఎక్కువగా ఆమెదే. పోచల అంచులకు, జలగలకు ఆమె పిక్కలు ఎప్పుడూ గాయాలతో ఉండేవి. పెద్దకోడలు తన పెట్టెకు తాళం కొనుక్కుంది. లోపల ఏముందని అంతగా తాళం వేస్తున్నావని మొగుడు అడిగితే, లోపల ఏమీ లేదు, తాళం మాత్రం నాది అని చెప్పింది.

ఆ మొగుడు మేస్త్రీ. మంచి పనివాడని పేరు. సంఘం పెట్టిన కొన్నాళ్ళకు ఒక భవనం పని దగ్గర పరంజా మీది నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి కిటికీ పక్కన మంచం మీదే ఆయన లోకం. మనిషి మాత్రం చిరాకు పడేవాడు కాదు. రేడియో పక్కన పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తూ ఉండేవాడు. చిన్నకోడలిని "తల్లీ" అని పిలిచేవాడు. బావగారికి ఒళ్ళు తుడవడానికి, మంచం మీద ఆ పక్కకూ ఈ పక్కకూ ఒత్తిగిల్లించడానికి ఆమె కూడా సాయం పట్టేది. నెలనెలా మందులు కావాలి. అవన్నీ పెద్దకోడలు నేసే చాపల్లోంచే రావాలి. కొడుకు దూరాన ఏదో ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు గానీ, వాడిది వాడికే చాలీచాలని బతుకు.

అలా ఉండగా ఒక సంతలో వాళ్ళ చాపలు చూసి నగరం నుంచి ఒక పెద్ద దుకాణం వాళ్ళు వచ్చారు. ఎన్ని నేస్తే అన్ని కొంటామన్నారు. ఆ కబురు చెప్పడానికి పెద్దకోడలు వీధి మొదట్నుంచే కేకలు వేసుకుంటూ వచ్చింది. షెడ్డులో మగ్గాలు పెరిగాయి. వెనకటికి తుంగ పూత పూసి, గింజ రాలాక ఏడాదికి ఒకసారి కోసేవాళ్ళు. ఇప్పుడు ఎదిగింది ఎదిగినట్టే కోశారు. కొడవలితో వంగి కోసే ఓపిక లేక, బురదలో చెయ్యి పెట్టి వేళ్ళతో సహా లాగేశారు. పక్క ఊరివాళ్ళు కూడా చూసి నేర్చుకుని వచ్చి లాక్కుపోయారు. సుమారు మూడేళ్ళు అందరి ఇళ్ళూ కళకళలాడాయి.

తుంగ తగ్గుతోందని ముందుగా పసిగట్టింది చిన్నకోడలు. అందులో గొప్పేమీ లేదు, నీళ్ళలో దిగేది ఆమే కనక. ఒకప్పుడు వాగు ఎగువన పై వంపు దగ్గర దిగితే ఆమె తల కూడా గట్టు మీదివాళ్ళకు కనిపించేది కాదు. ఇప్పుడు పోచలు నడుం దాకా వస్తే గొప్ప. ఒక ఉదయం దిగేసరికి వంపంతా ఖాళీగా, తేటగా కనిపించింది. తెగిన వేళ్ళ గడ్డలు నీళ్ళ మీద తేలుతున్నాయి. ఆమె ఒక గడ్డ చేతిలోకి తీసుకుని చూసింది. మెత్తగా కుళ్ళిపోయి ఉంది. కొడవలి చంకలో పెట్టుకుని ఒట్టి చేతులతో గట్టెక్కింది.

తోటికోడలికి చెబితే, వానలు పడనీ, అదే వస్తుంది, తుంగకేం మాయరోగం అని కొట్టిపారేసింది. వానలు పడ్డాయి. తుంగ రాలేదు. పోచలు పొట్టివై చాపల వెడల్పు తగ్గింది. నగరం వాళ్ళు ఒకసారి సరుకు వెనక్కి పంపారు.

ఆ వారం సమావేశంలో చిన్నకోడలు లేచి నిలబడింది. మాట్లాడింది ఎవరా అని ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆమె గొంతు సంఘంలో అప్పటిదాకా ఎవరూ పెద్దగా వినలేదు. పై వంపును ఒక ఏడాది పాటు ఎవరూ ముట్టుకోకూడదని, కింది వంపులో పూత అయ్యాక ఒక్కసారే, అదీ నీటి మట్టానికి పైన కొడవలితోనే కోయాలని, నగరం వాళ్ళకు ఇప్పటికి కుదరదని చెప్పేయాలని అంది. పక్క ఊరివాళ్ళతో కూడా మాట్లాడదామంది.

పెద్దకోడలు ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఏడాదంతా ఏం తినమంటావు?"

"ఇలాగే లాగేస్తే వచ్చే ఏడాదికి లాగడానికి కూడా ఏమీ ఉండదక్కా."

"వచ్చే ఏడాది సంగతి నాకెందుకు? నా ఇంట్లో మనిషికి మందు ఈ నెల కావాలి. నీళ్ళలో గడ్డి కోసం నా పొయ్యి ఆర్పేస్తావా?"

అయినా చిన్నకోడలు కూర్చోలేదు. మేడమ్ చేతులెత్తమంది. ముందు ఒకరిద్దరు ఎత్తారు. ఆ తర్వాత ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ మెల్లమెల్లగా మిగతావాళ్ళు ఎత్తారు. అందరికీ లోపల తెలిసిన సంగతే అది. పెద్దకోడలు లేచిన చేతుల్ని ఒక్కొక్కటే చూసింది, మొహాల వంక మాత్రం చూడలేదు. షెడ్డు తాళంచెవి నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు ఆ సాయంత్రం పక్కింటి తలుపు తట్టలేదు. అక్క కోపం ఆమెకు కొత్త కాదు. పాలపొంగులా వచ్చి దిగిపోతుంది, రెండు రోజులాగితే తనే గోడ మీది నుంచి పిలుస్తుంది అనుకుంది. రెండు రోజులు కాదు, వారాలు గడిచాయి. పిలుపు రాలేదు. వెళ్ళాల్సిన రోజు దాటిపోయాక వెళ్ళడం మరీ కష్టమైపోయింది.

ఆ ఏడు ఊరికి గడ్డు కాలం. ఆడవాళ్ళు కొందరు ఇటుక బట్టీకి వెళ్ళారు, కొందరు కలుపు తీతకు వెళ్ళారు. కుళాయి దగ్గర ఒకామె, తినే కంచం లాగేసి గడ్డికి నీళ్ళు పోస్తున్నారమ్మా అని అందరికీ వినపడేలా అంది. చిన్నకోడలు బిందె నింపుకుని వచ్చేసింది. షెడ్డులో మిగిలిన పొట్టి పోచలతో కుర్చీల మీద వేసుకునే చిన్న చిన్న ఆసనాలు నేయడం మొదలుపెట్టింది. వాటికి జత అక్కర్లేదు, ఒక్కరే నేయొచ్చు. కొద్దిమందికైనా దానితో ఏదో కాస్త గడిచింది. వాటి మీద వచ్చిన డబ్బులో కొంత భర్త చేత పక్కింటికి పంపించింది. ఆయన వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. వదిన లోపలికి రమ్మంది, కూర్చోమంది, మంచినీళ్ళిచ్చింది, అది మాత్రం ముట్టుకోలేదు అని చెప్పాడు.

పై వంపు దగ్గర కాపలా వంతులు వేసుకున్నారు. చిన్నకోడలి వంతు వచ్చిన ఒక తెల్లవారుజామున, ఇంకా మంచు విడవకముందే ఆమె గట్టు వెంట నడుస్తోంది. నీళ్ళలో కొడవలి చప్పుడు వినిపించింది. కొత్తగా మొలిచిన తుంగ మధ్య, తొడల దాకా నీళ్ళలో, వంగి కోస్తోంది ఒక మనిషి. కాళ్ళకు బూట్లు లేవు. ఆ వంగడం చూడగానే చిన్నకోడలికి అర్థమైంది. పెద్దకోడలు తల ఎత్తింది. మధ్యలో పది బారల నీళ్ళు కూడా లేవు. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు.

చిన్నకోడలు ఏమీ అనలేదు. వచ్చిన దారినే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. తరువాత సంఘంవాళ్ళు నరికిన మోళ్ళు చూసి, ఎవరి పని ఇది అని నిలదీస్తే, గేదెలు పడ్డాయేమో, నేను సరిగ్గా చూసుకోలేదు అంది. గేదెలు కొడవలి పట్టవని అందరికీ తెలుసు. ఎవరూ రెట్టించలేదు. అక్క పరువు కాపాడానని, అంతకంటే తను చేయగలిగింది ఏమీ లేదని ఆమె అనుకుంది.

ఆ రోజు తర్వాత పెద్దకోడలు మళ్ళీ వాగు వైపు రాలేదు. షెడ్డు మానేశాక ఇంట్లో దిగేసుకున్న చిన్న మగ్గం మీద వినిపించే అచ్చు చప్పుడు కూడా గోడ అవతల ఆగిపోయింది. బట్టీలో పనికి వెళ్తోందని, ఇంటికొచ్చేసరికి పొద్దుపోతోందని తెలిసింది. పగలంతా మంచం మీదున్న బావగారిని ఒత్తిగిల్లించేవాళ్ళు లేరు. చిన్నకోడలు ఒకటి రెండుసార్లు వాకిలి దాకా వెళ్ళి, లోపల రేడియో వినిపిస్తుంటే బాగానే ఉన్నారులే అని తిరిగొచ్చింది. వీపు కింద పుండ్లు పడ్డాయి. మందులు ఒక నెల ఉంటే ఒక నెల లేవు. వానలు మొదలవబోయే వేళకు జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి విషం రక్తంలో కలిసిందన్నారు. ఇలాంటి మనిషికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదేనని కూడా అన్నారు. మూడో రోజున ఆయన పోయాడు.

చిన్నకోడలు వెళ్ళింది. వెళ్ళకుండా ఎలా ఉంటుంది? ఇల్లంతా జనం. పెద్దకోడలు గోడకు జారగిలబడి కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన మొహం. చిన్నకోడలు పక్కన కూర్చుంది. చాలాసేపటికి జనం పలచబడ్డాక, పెద్దకోడలు ఆమె వైపు తిరగకుండానే మెల్లగా మాట్లాడింది. అంత చిన్న గొంతు ఆమెకుందని ఎవరికీ తెలియదు.

"ఆ రోజు నువ్వు చూశావు."

"చూశానక్కా."

"ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. నీళ్ళలోంచి బయటికి లాగి, ఏంటే నీ గతి ఇలా అయిందని అడిగి ఉంటే చెప్పేదాన్ని. దొంగని చూసి జాలిపడినట్టు చూసి పోయావు. ఇక ఆ వాగులో కాలెలా పెట్టను?"

ఆ సమావేశం తర్వాత అక్క చిన్నకోడలితో మాట్లాడిన మొదటి మాటలు అవే. తరవాత చాలాకాలం దాకా అవే చివరి మాటలు కూడా.

ఆ వానలకు పై వంపులో తుంగ లేచింది. గట్టు మీద నిలబడి చూస్తే నీరు కనపడనంత దట్టంగా లేచింది. సంఘంవాళ్ళంతా కొడవళ్ళతో వాగులో దిగి, ఒకళ్ళ తల ఒకళ్ళకు కనపడక పిలుచుకుంటూ పిల్లల్లా నవ్వారు. కుళాయి దగ్గర మాట విసిరిన ఆమె వచ్చి చిన్నకోడలి భుజం మీద చెయ్యి వేసి, నువ్వే గెలిచావు అంది. చిన్నకోడలు ఆ చెయ్యి మెల్లగా తీసేసింది. చాపలు మళ్ళీ వెడల్పయ్యాయి. దుకాణాలవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆమె పక్కన ఇప్పుడు ఇంకో ఆమె అచ్చు కొడుతోంది. మంచి మనిషే, పని తెలిసిన మనిషే. అయినా చిన్నకోడలి చెయ్యి ఎప్పుడూ ఒక క్షణం ముందో వెనకో పడేది. అంచు చూసి ఆమే విప్పేసి మళ్ళీ నేసేది.

ఒకనాడు పెద్దకోడలి కోడలు షెడ్డుకు వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడి మొగుడూ పెళ్ళాం ఊరికి తిరిగొచ్చేశారు. సంఘంలో చేరతానంది. గుమ్మంలో నిలబడి, కాస్త ఇబ్బందిగా, "మా అత్తయ్య చేరమంది. కానీ చిన్నత్తయ్యా, మీతో మాత్రం జత కూర్చోవద్దంది" అని చెప్పింది. అక్కడున్న వాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. చిన్నకోడలు మాత్రం లేచి వెళ్ళి ఆ పిల్లకు దూరంగా ఉన్న మగ్గం చూపించి, వెలుతురు బాగా పడే వైపు కూర్చోబెట్టింది.

ఆ నెల సమావేశంలో ఆమె రెండోసారి లేచి మాట్లాడింది. ఈసారి ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇకమీదట ప్రతి మూడేళ్ళకూ ఒక వంపు వదిలేయడం తప్పదు, కానీ వదిలేసే ముందు వాగును కాదు, ఇళ్ళను చూసి రావాలి అంది. ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు, ఏ ఇంట్లో ఒక్క చెయ్యే సంపాదిస్తోంది, ఆ ఇళ్ళ భారం ఆ ఏడాది సంఘమే మోయాలి. సాయం తీసుకునేవాళ్ళు వచ్చి అడిగే పని ఉండకూడదు, మనమే వెళ్ళి తలుపు తట్టాలి. కింది వంపులో మొదటి కోత కూడా వాళ్ళదే. మేడమ్ మెచ్చుకుని, ఈ ఆలోచన మొదట్లోనే వచ్చి ఉంటే బాగుండేది కదా అంది.

"అప్పుడు తుంగను చూశాను. మనుషుల్ని చూడలేదు" అంది చిన్నకోడలు, కూర్చుంటూ.

తన వల్లే బావగారు పోయాడా అన్న సంగతి ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగితే కాదనే చెబుతారని తెలుసు. ఆమె భర్త ఒకసారి ఆ మాట ఎత్తబోతే, వద్దు, అది నాతోనే ఉండనీ అంది.

చేసిన కట్టుబాటు నిలబడింది. నిలబెట్టడానికి చాలా గొడవలు పడ్డారు. పక్క ఊరివాళ్ళు కొంతకాలం విన్నారు, కొంతకాలం వినలేదు. చివరికి వాళ్ళ ఆడవాళ్ళు కూడా ఒక సంఘం పెట్టుకున్నాక దారికొచ్చారు. ఒక ఇంట్లో గర్భిణి, ఒక ఇంట్లో చూపు పోయిన ముసలాయన, అలా వంపు వదిలేసిన ప్రతి ఏడూ ఎవరో ఒకరి తలుపు తట్టాల్సి వచ్చింది. ముందుగా తట్టేది చిన్నకోడలే. మాట రాని మనిషి కదా, లోపలికెళ్ళి ఊరికే కూర్చునేది. ఆమె కూర్చున్న కాసేపటికి ఆ ఇంటివాళ్ళే చెప్పుకునేవారు.

పెద్దకోడలు షెడ్డుకు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఒకరోజు కోడలికి మధ్యాహ్నం తిండి పట్టుకొచ్చి, గుమ్మంలోంచే మగ్గం వంక చూసి, అచ్చు అలాగేనా పట్టుకునేది, గారంగా నిమురుతున్నావా దాన్ని అని కసిరింది. కసురుతూనే లోపలికొచ్చి కోడలి పక్కన కూర్చుంది. మర్నాడు కూడా వచ్చింది. కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ అచ్చు కొట్టడం ఆమే నేర్పించింది. ఆమె నవ్వు మళ్ళీ వినిపించేది గానీ పాత నవ్వంత దూరం పోయేది కాదు. తోటికోడళ్ళిద్దరూ ఒకే కప్పు కింద, రెండు చివర్ల మగ్గాల మీద పని చేసుకున్నారు. దారం అయిపోయింది, ఆ కట్ట ఇటు ఇవ్వు, రేపు ఎండ కాయదేమో, ఇలాంటి మాటలే నడిచేవి. చచ్చిన మనిషి గురించి గానీ, ఆ తెల్లవారుజాము గురించి గానీ ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. క్షమించమని అడగడమూ జరగలేదు, క్షమించడమూ జరగలేదు. ఒక మొండి నొప్పితో బతకడం అలవాటైనట్టు దానితో ఇద్దరూ బతికారు.

ఈ ఏడాది కోతకు పెద్దకోడలు కూడా వాగు దగ్గరికి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి, దిగలేదు. గట్టు మీద కూర్చుని, చిన్నకోడలు నీళ్ళలోంచి అందిస్తున్న తుంగను మొదళ్ళు సమం చేసి కట్టలు కడుతోంది. ఎండ ఇంకా ఎక్కలేదు. కింద ఆడపిల్లలు నలుగురైదుగురు కొడవళ్ళతో వరసగా కదులుతున్నారు. చిన్నకోడలు ఒక చోట ఆగి, పక్కనున్న గుబురు వైపు చెయ్యి చాచింది.

"అది వదిలెయ్యి. ఇంకా గింజ రాలలేదు" అంది పైనుంచి పెద్దకోడలు.

చిన్నకోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సరేనక్కా" అని పక్క వరసలోకి జరిగింది. పెద్దకోడలు కట్ట బిగించి, ముడి వేసి, తర్వాతి పోచల కోసం చెయ్యి చాచింది.